లినక్సు కంప్యూటరునకు హార్డు డిస్కు కొనుట

విండోస్ 10 వ్యవస్థకు మైక్రోసాఫ్ట్ సంస్థ ఇచ్చుచుండిన సాధారణ పోషణ 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినది. మా యింటి కంప్యూటరు విండోస్ 11నకు తగినంత క్రొత్తది కాదు. పారవేయదగినంత పాతదియు కాదు. ఇంజనీరింగు చదువుచున్న మా అమ్మాయి ఒక ఆదివారమునాడు కూర్చుండి దానిలో లినక్సు ఎక్కించినది. సాయంకాలమునకు కంప్యూటరు మునుపటికంటె చురుకుగా పనిచేయసాగెను. ఇట్టి మార్పు చేసికొన్న యిండ్లు శ్రోతలలో మఱికొన్ని ఉండవచ్చుననియు, వారును నావలెనే ఒక ప్రశ్న దగ్గఱ ఆగియుందురనియు తలచి ఈ ప్రసంగమునకు పూనుకొంటిని. ఆ ప్రశ్న యిది: లినక్సు ఉన్న కంప్యూటరునకు బయట తగిలించుకొను హార్డు డిస్కు కొనవలసివచ్చినచో, ఏది చూచి కొనవలెను?

నాకీ ప్రశ్న కేవలము కుతూహలముచేత పుట్టినది కాదు. మా అమ్మ పాటలు పాడెడిది. పెండ్లి పాటలు, అప్పగింత పాటలు, దంపుళ్ల పాటలు. వానిలో పుస్తకములకెక్కినవి కొన్ని. మా మేనత్తలకును ఆమెకును తప్ప తెలియనివి కొన్ని. కళాశాలలో చదువుకొను దినములలో, 1998 మొదలు 2001 వఱకు, వేసవి సెలవులకు పోయినప్పుడెల్ల ఆమెను వంటింటి గడప మీద కూర్చుండబెట్టి, గంట నిడివిగల క్యాసెట్లలో ఆ పాటలు పట్టితిని. మొత్తము 14 క్యాసెట్లు. రేడియో ఉద్యోగములో చేరుదునని అప్పటికి తెలియదు. తెలిసియున్నచో మైకును ఇంకొంచెము దగ్గఱగా పెట్టియుందును. అమ్మ 2019లో గతించినది. క్యాసెట్లు తడి పట్టసాగినవి. ఎరవు తెచ్చిన టేపురికార్డరుతో ఒక్కొక్కదానినే వినిపించుచు వానినన్నిటిని కంప్యూటరులోనికి ఎక్కించితిని. పండ్రెండవ క్యాసెట్టు పూర్తిగా వినిపించిన పిదప వెనుకకు చుట్టునప్పుడు టేపు యంత్రములో చుట్టుకొని నలిగి తెగిపోయెను. అప్పటికే అందలి పాటలు కంప్యూటరులో చేరియున్నవి గదా యని నేను విచారింపలేదు.

మా వృత్తిలో వాడు నాణ్యతతో, అనగా సెకనుకు 48,000 నమూనాల చొప్పున ఒక్కొక్క నమూనాకు 24 బిట్లు, రెండు వరుసలుగా ధ్వనిని పట్టినచో, గంటకు ఇంచుమించు ఒక జి.బి. చోటు పట్టును. పదునాలుగు గంటల పాటలు 15 జి.బి.లో ఇమిడిపోవును. ఈ లెక్క ఎందుకు చెప్పుచున్నాననగా, దుకాణమునకు పోవునప్పుడు మన మనస్సు ఎల్లప్పుడును పెద్ద డిస్కు వైపునకే లాగును. నాకు కావలసినది పెద్దది కాదు, నమ్మదగినది. ఐనను మా కంప్యూటరులోని చోటు అప్పటికే నిండియున్నందున దుకాణమునకు పోక తప్పలేదు.

దుకాణదారుని, “ఇది లినక్సుతో పనిచేయునా?” అని అడిగితిని. అతడు పెట్టెను నాలుగు ప్రక్కల త్రిప్పి చూచి, “విండోసు ఉందండి, మ్యాకు ఉందండి, మీరు చెప్పిన పేరు లేదండి” అనెను. ఆ మాట విని కొనక మఱలి వచ్చువారుందురు. అది అనవసరము. లినక్సు అనునది 1991లో ఫిన్లండు దేశములో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి యైన లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభింపగా, వేలకొలది నిపుణులు దేశదేశములనుండి కలిసి పెంచినది. వెల లేని సరుకునకు పెట్టె మీద పేరు వేయించు ప్రచారకులుండరు. యు.ఎస్.బి. ద్వారమునకు తగిలించు డిస్కులు కంప్యూటరుతో మాటలాడు పద్ధతి అన్ని సంస్థలకును ఉమ్మడిది. ఆ పద్ధతి లినక్సు మూలములోనే యున్నది. ప్రత్యేకముగా ఏ ప్రోగ్రామును ఎక్కింప నక్కఱలేదు. కావున మామూలు డిస్కు ఏది తగిలించినను లినక్సు దానిని గుర్తుపట్టును. చిక్కులు వేఱొకచోట నున్నవి. అవి పెట్టె మీద వ్రాయబడియుండవు.

మొదటి చిక్కు డిస్కులోని అమరిక. డిస్కు అనునది ఖాళీ కొట్టు వంటిది. సరకు ఏ మూల ఎంత ఉన్నదో వ్రాసికొనుటకు ఒక లెక్కల పద్ధతి ఉండవలెను. దీనినే ఫార్మాటు అందురు. దుకాణములోని డిస్కులు సామాన్యముగా ఎన్.టి.ఎఫ్.ఎస్. అను పద్ధతిలో గాని, ఎక్స్‌ఫ్యాట్ అను పద్ధతిలో గాని వచ్చును. రెండును మైక్రోసాఫ్ట్ వారివే. పూర్వము లినక్సువారికి వీనితో ఇబ్బందులుండెడివి. 2019లో మైక్రోసాఫ్ట్ సంస్థ ఎక్స్‌ఫ్యాట్ వివరములను బహిరంగపఱచినది. 2020లో వెలువడిన లినక్సు మూలము 5.7వ కూర్పునుండి దానికి చక్కని ఏర్పాటు లోపలనే వచ్చినది. ఎన్.టి.ఎఫ్.ఎస్.నకును అట్టి ఏర్పాటు 2021లో 5.15వ కూర్పున చేరినది. కావున ఇటీవలి లినక్సు ఉన్నవారు ఈ రెంటిలో దేనినైనను చదువవచ్చును, వ్రాయవచ్చును. మిగుల పాత పద్ధతియైన ఫ్యాట్ 32 మాత్రము వలదు. అది 4 జి.బి.లను మించిన ఒక్క ఫైలును దాచుకొనలేదు. పెండ్లి వీడియోలున్న వారికి ఇది వెంటనే తగులును.

నేను తెచ్చిన డిస్కు ఎక్స్‌ఫ్యాట్‌ది. తగిలించితిని, తెఱచుకొనెను. చోటు చాలని కంప్యూటరు గదా యని, పాటలను నకలు చేయుటకు మాఱుగా అక్కడనుండి తీసి ఇక్కడ చేర్చుమని ఆజ్ఞ యిచ్చితిని. తెర మీది గీత నిండెను. పని ముగిసినదని కేబులును లాగివేసితిని. మఱునాడు తగిలించి చూడగా పదమూడు ఫైళ్లు సరిగా ఉన్నవి. నేను చిట్టచివర పంపినది, పండ్రెండవ క్యాసెట్టు, పేరు మాత్రము మిగిలి లోపల నిశ్శబ్దముగా నున్నది. కంప్యూటరులో దాని మూలప్రతి లేదు. టేపు తెగియున్నది, నలిగిన మేర అతికించుటకు వీలుపడలేదు.

జరిగినదేమో అమ్మాయి తరువాత వివరించినది. లినక్సు, డిస్కుకు పంపవలసిన సమాచారమును మొదట తన జ్ఞాపకములో నిలుపుకొని, వీలు చూచుకొని డిస్కు మీద వ్రాయును. తెర మీది గీత నిండుటకును, డిస్కు మీద వ్రాత ముగియుటకును నడుమ కొంత కాలము గడచును. డిస్కు నెమ్మదిదైనచో అది నిమిషములు కూడ కావచ్చును. “ఎజెక్ట్” అను గుర్తును నొక్కి, ఇక తీయవచ్చునని తెర మీద వచ్చువఱకు ఆగినచో ఈ నష్టము లేదు. “నాన్నగారూ, నేను మొదటి రోజే చెప్పియుండవలసినది” అని ఆ పిల్ల నొచ్చుకొన్నది. చెప్పియున్నను నేను వినియుందునని నమ్మకము లేదు.

ఇచ్చటనే ఫార్మాటుల నడుమ నున్న తేడాను తెలిసికొనుట మంచిది. మన పాత వర్తకులు ప్రతి బేరమును మొదట చిట్టాలో ఎక్కించి, పిదప తీరిక మీద ఆవర్జాలోనికి మార్చెడివారు. ఆవర్జా వ్రాయుచుండగా దీపమారిపోయినను, మఱునాడు చిట్టా చూచి లెక్క సరిచేసికొనవచ్చును. లినక్సువారి స్వంత పద్ధతియైన ఇ.ఎక్స్.టి.4 ఇట్టిది. దానికి చిట్టా ఉన్నది. ఎన్.టి.ఎఫ్.ఎస్.నకును ఉన్నది. ఎక్స్‌ఫ్యాట్‌కు లేదు, అది నేరుగా ఆవర్జాలోనే వ్రాయును. మధ్యలో కేబులు ఊడినచో కొట్టు లెక్క చెదరుటకు అవకాశము హెచ్చు. ఐతే ఒకటి మఱువరాదు: చిట్టా ఉన్నంతమాత్రమున అసలు వ్రాయని పద్దు దక్కదు. నా పండ్రెండవ క్యాసెట్టు ఇ.ఎక్స్.టి.4లో నున్నను దక్కియుండునని నేను చెప్పజాలను.

ఇప్పుడు ఎన్నిక విషయము. డిస్కు మీ లినక్సు కంప్యూటరునకు మాత్రమే తగిలించునదైనచో, దానిని తెచ్చినవెంటనే ఇ.ఎక్స్.టి.4 పద్ధతికి మార్చుకొనుడు. అనేక లినక్సు వ్యవస్థలలో “డిస్క్స్” అను ఉపకరణము సిద్ధముగా నుండును. నాలుగు నొక్కులతో పని తీరును. మార్చినప్పుడు లోపల నున్నదంతయు చెఱిగిపోవునని మాత్రము జ్ఞాపకముంచుకొనవలెను. ఇ.ఎక్స్.టి.4 మామూలుగా నూటికి 5 వంతుల చోటును వ్యవస్థ అవసరములకై ప్రత్యేకించుకొనును. రెండు టి.బి.ల డిస్కులో అది 100 జి.బి.ల మాట. కేవలము పాటలను, ఫొటోలను దాచు డిస్కునకు అంత ప్రత్యేకింపు అక్కఱలేదు, దానిని తగ్గించుకొనవచ్చును. డిస్కును బంధువుల విండోస్ కంప్యూటరులకు కూడ తగిలింపవలసియున్నచో ఇ.ఎక్స్.టి.4 పనికిరాదు, అవి దానిని చదువవు. అప్పుడు ఎక్స్‌ఫ్యాట్‌నే ఉంచుకొని, తీయునప్పుడు జాగ్రత్త వహించుట మేలు. ఎన్.టి.ఎఫ్.ఎస్. ఎంచుకొన్నవారికి ఒక తమాషా ఎదురగుచుండును. విండోస్ తన్ను పూర్తిగా ఆర్పివేయక సగము నిద్రలో ఉంచుకొను అలవాటు కలది. ఆ స్థితిలో ఊడదీసిన డిస్కును లినక్సునకు తగిలించినచో, లెక్క ఇంకను ముగియలేదని కనిపెట్టి, చదువుటకు మాత్రమే అనుమతించును. ఒక్కొక్కప్పుడు తెఱచుటకే నిరాకరించును. డిస్కు చెడిపోయినదని భయపడ నక్కఱలేదు. మఱల విండోస్‌కు తగిలించి సక్రమముగా ఊడదీసినచో సరిపోవును.

రెండవ చిక్కు తాళములది. మొదటి దెబ్బ తిన్న పిదప నేను మఱియొక డిస్కు కొంటిని. సంకేతపదముతో రక్షణ కలదని దాని పెట్టె మీద పెద్ద అక్షరములతో నుండెను. అమ్మ పాటలకు దొంగల భయమేమని మీరు నవ్వవచ్చును. మా బ్యాంకు కాగితములు కూడ అందులో నుంచదలచితిని. మా బావమరిది యింటి విండోస్ కంప్యూటరులో ఆ డిస్కుతో వచ్చిన ప్రోగ్రామును నడిపి సంకేతపదము పెట్టితిని. ఇంటికి వచ్చి లినక్సునకు తగిలింపగా, సి.డి. వంటి చిన్న భాగమొకటి కనబడినది. అందులో తాళము తెఱచు ప్రోగ్రాము ఉన్నది. అది విండోస్‌కును మ్యాక్‌కును మాత్రమే చేసినది. అసలు డిస్కు జాడ లేదు. మఱుసటి ఆదివారము బావమరిది యింటికి పోయి తాళము తీసివేయువఱకు నాకు నిద్రపట్టలేదు. కావున డిస్కుతో వచ్చు ప్రోగ్రాముపై ఆధారపడిన తాళములను లినక్సువారు కోరరాదు. రహస్యము కావలసినవారికి లినక్సులోనే లక్స్ అను తాళపు పద్ధతి యున్నది. ఫార్మాటు చేయునప్పుడే దానిని ఎంచుకొనవచ్చును. డిస్కు పెట్టె మీదనే అంకెల మీటలుండి, అక్కడ సంకేతము నొక్కిన తెఱచుకొనునవి కూడ కలవు. అవి ఏ కంప్యూటరుతోనైనను పొసగును. వెల మాత్రము ఎక్కువ.

తాళమునకు దగ్గఱి సంగతి మఱియొకటి. కొన్ని డిస్కులలో యు.ఎస్.బి. ద్వారము డిస్కు పలక మీదనే అతికియుండును. ఆ ద్వారము విఱిగినచో లోపలి డిస్కును తీసి వేఱొక పెట్టెలో అమర్చుకొను వీలులేదు. మఱికొన్నిటిలో నడుమ నున్న చిప్పు, మీరు సంకేతపదము పెట్టకున్నను, సమాచారమును గుప్తలిపిలోనే వ్రాయును. ఆ చిప్పు పోయినచో లోపలి డిస్కు బాగుగా ఉన్నను చదువరాదు. ఈ కారణముచేత డిస్కును వేఱుగాను, దానిని ఇముడ్చుకొను ఖాళీ పెట్టెను వేఱుగాను కొని బిగించుకొనుట ఎక్కువ క్షేమమని నా అభిప్రాయము. ఒక చిన్న స్క్రూడ్రైవరుతో అగు పని.

ఐతే ఆ ఖాళీ పెట్టెను ఎన్నుకొనుటలో కొంత నేర్పు కావలెను. పెట్టెలోని నడిమి చిప్పు కంప్యూటరు మాటను డిస్కునకును, డిస్కు మాటను కంప్యూటరునకును అనువదించు దుబాసి వంటిది. పాత పద్ధతిలో ఒక ప్రశ్నకు జవాబు వచ్చిన పిదపనే రెండవ ప్రశ్న అడుగుదురు. యు.ఏ.ఎస్. అను క్రొత్త పద్ధతిలో అనేక ప్రశ్నలను వరుసగా పంపవచ్చును. పని వేగముగా జరుగును. కొన్ని చిప్పులు తమకు ఈ క్రొత్త పద్ధతి వచ్చునని చెప్పుకొని, పని ఎక్కువైనప్పుడు తడబడును. అట్టివాని పట్టిక లినక్సు మూలములోనే యున్నది. ఆ చిప్పు కనబడినచో, దాని లోపమును బట్టి, క్రొత్త పద్ధతిలో కొంత భాగమును గాని మొత్తమును గాని మానుకొనును. పట్టికకెక్కని చిప్పైనచో నకలు సగములో ఉండగా డిస్కు మాయమై, ఒక క్షణమునకు మఱల ప్రత్యక్షమగును. ఇట్లు జరిగినప్పుడు వెంటనే డిస్కును నిందింపకుడు. ముందు కేబులు మార్చి చూడుడు. విస్తరణ పెట్టెకు గాక కంప్యూటరు వెనుక ద్వారమునకే నేరుగా తగిలించి చూడుడు. పెక్కుమారులు దోషము అచ్చటనే దొరకును. అప్పటికిని తీరనిచో చిప్పును అనుమానింపవలెను. దుకాణదారు అంగీకరించినచో మీ కంప్యూటరుతోనే అక్కడ పరీక్షించి కొనుట ఉత్తమము.

విద్యుత్తు సంగతి రెండు మాటలలో చెప్పవచ్చును. అరచేతిలో ఇముడు రెండున్నర అంగుళముల డిస్కులకు యు.ఎస్.బి. ద్వారమునుండి వచ్చు విద్యుత్తే చాలును. పాత యు.ఎస్.బి. 2 ద్వారము 500 మిల్లీ యాంపియర్లు, యు.ఎస్.బి. 3 ద్వారము 900 ఇచ్చును. మూడున్నర అంగుళముల పెద్ద డిస్కులకు వేఱుగా అడాప్టరు ఉండును. కరెంటు తఱచుగా పోవు ఇండ్లలో అది ఇబ్బంది.

ఇక తిరుగుడు డిస్కా, ఎస్.ఎస్.డి.యా? ఎస్.ఎస్.డి.లో తిరుగు భాగములు లేవు. క్రింద పడినను ఓర్చుకొనును, వేగమెక్కువ. దినదినమును వాడుటకు అదియే మేలు. కాని విద్యుత్తు లేక ఏండ్లతరబడి అలమారలో పడియున్నచో అందలి సమాచారము క్రమముగా క్షీణింపవచ్చును. మన వేసవి వేడిమి ఆ క్షీణతను త్వరపెట్టును. అలమారలో భద్రపఱచుటకు నేను తిరుగుడు డిస్కునే కోరుదును. తిరుగుడు డిస్కులలోను ఒక భేదమున్నది. చిన్న పెట్టెల డిస్కులు పెక్కింటిలో సమాచారపు గాడులు పెంకుటింటి పైకప్పు మీది పెంకులవలె ఒకదానిపై నొకటి కొంత కప్పుకొనియుండును. అందుచే తక్కువ చోట ఎక్కువ పట్టును. కాని నడుమనున్న పెంకును మార్చవలెనన్న దాని మీది వరుసలను కూడ కదలింపవలెను గదా! అట్లే వ్రాసినదానిని పలుమారు మార్చునప్పుడు ఇవి మిక్కిలి నెమ్మదించును. డిస్కు లోపల జరుగు ఈ సర్దుబాటు ఏ వ్యవస్థలోనైనను ఒక్కటే. లినక్సు తప్పు కాదు. ఒకసారి వ్రాసి దాచుకొనువారికి వీనితో నష్టము లేదు. పెట్టె మీద ఈ సంగతి వ్రాయకపోవుట మాత్రము నాకు నచ్చదు. 2020లో వినియోగదారులు గట్టిగా ఆక్షేపించిన మీదట తయారీదారులు ఏ నమూనాలు ఇట్టివో ప్రకటించిరి.

ఇంటర్నెటులో 16 టి.బి.ల డిస్కు ఒక నెల కూరగాయల ఖర్చునకే వచ్చునని ప్రకటనలు కనబడును. నమ్మకుడు. అవి తమ పరిమాణమును గూర్చి కంప్యూటరునకు అబద్ధము చెప్పునట్లు చేయబడినవి. నిజమైన చోటు నిండిన పిదప వ్రాసినదంతయు గాలిలో కలియును. లినక్సువారికి ఎఫ్ 3 అను ఉచిత పరీక్ష కలదు. అది డిస్కును మొదటినుండి చివరివఱకు నింపి, మఱల చదివి, చెప్పిన చోటు నిజముగా నున్నదో లేదో తేల్చును. మంచి దుకాణములో కొన్న డిస్కునకైనను ఈ పరీక్ష ఒక రాత్రి నడుపుట మంచిది. పుట్టుకతో దోషమున్న డిస్కు తిరిగి యిచ్చు గడువులోపలనే బయటపడును. ఒక టి.బి. డిస్కును కొన్ని ఉపకరణములు 931గా చూపించినచో మోసపోతిమని అనుకొనరాదు. తయారీదారు వేయితో హెచ్చించును, ఆ ఉపకరణములు 1,024తో హెచ్చించును, సరకు ఒక్కటే.

చివరకు నేను చేసినదేమనగా, తాళపు డిస్కును తాళము తీసి బావమరిదికే యిచ్చివేసితిని. ఒక టి.బి. తిరుగుడు డిస్కును ఖాళీ పెట్టెలో బిగించి, పరీక్ష నడిపి, ఇ.ఎక్స్.టి.4 చేసి యింట నుంచితిని. మొదట కొన్న ఎక్స్‌ఫ్యాట్ డిస్కును మఱల నింపి, పిల్లల విండోస్ కంప్యూటరు ఉన్న మా చెల్లెలి యింటికి పంపితిని. ఒక యింటిలో నీరు చొచ్చినను రెండవ యింటిలో నుండునని ఈ ఏర్పాటు. ప్రతి ఉగాదికి రెండు డిస్కులను తగిలించి, ఫైళ్లన్నియు తెఱచుకొనుచున్నవో లేదో చూచుట అమ్మాయి పని.

పండ్రెండవ క్యాసెట్టులోని అప్పగింత పాటలలో ఒకటి మా మేనత్తకు సగము జ్ఞాపకమున్నది. ఆమెకు ఎనుబది దాటినవి. ఈసారి ఫోనులో గాక మంచి మైకుతోనే పట్టితిమి. రెండు డిస్కులలోను చేర్చితిమి. పెట్టెల మీద అమ్మాయి కాగితము అంటించి, “అమ్మమ్మ పాటలు” అని వ్రాయబోయి, నాకు అమ్మ, తనకు నాయనమ్మ యని జ్ఞాపకము వచ్చి దిద్దినది. దాని క్రింద సంఖ్య వేసినది: పదమూడున్నర.